నీళ్ళడిగిన పోచమ్మ బండ

పూర్వం, భాగ్యనగరంలో జాగీర్దార్లు కోటలవంటి దేవిడీలు కట్టించుకుంటూ ఉండిన కాలంలో, మూసీ నదికి ఉత్తరపు దిక్కున, నల్లరాతి గుట్టల నడుమ సున్నపుగడ్డ అనే ఒక బస్తీ వెలసింది. ఈనాడు ఆ పేరు చెబితే ఆటోవాడు కూడా తల గోక్కుంటాడు గాని, ఆ దినాల్లో నగరంలో ఏ మేడ గోడను తట్టినా తన పుట్టిల్లు సున్నపుగడ్డే అని చెప్పుకునేదట. ఆ మేడలు కట్టిన చేతులు అక్కడివే కనుక, ఈ మాటలో అతిశయోక్తి ఉన్నా అబద్ధం మాత్రం లేదు.

కోటి విద్యలూ కూటికొరకే అన్న పెద్దల వాక్కు ప్రకారం ఆ బస్తీకి అనేక దేశాల జనం వచ్చి చేరారు. పాలమూరు దిక్కు నుంచి రాయి కొట్టేవారు వచ్చి మిట్ట మీద గుడిసెలు వేసుకుంటే అది పైగల్లీ అయింది. నాందేడు దిక్కు నుంచి మరాఠీ మాట్లాడే సున్నపుబట్టీల వారు వచ్చి పల్లంలో దిగితే అది కిందిగల్లీ అయింది. రెంటికీ పక్కగా, బావి వైపున, తోలుతిత్తులతో మేడలకు నీళ్ళు మోసే భిస్తీల ఇండ్లు కొన్ని ఉండేవి. పైగల్లీ వారు తమలో తాము తెలుగులో తిట్టుకుంటే, కిందిగల్లీ వారు మరాఠీలో తిట్టుకునేవారు. ఒకరినొకరు తిట్టుకోవలసి వచ్చినప్పుడు మాత్రం, పాపం, ఇద్దరికీ తెలిసిన దక్కనీ ఉర్దూను ఆశ్రయించేవారు. ఆ విధంగా మూడు భాషలతో ఆ బస్తీ నిత్యమూ కళకళలాడుతూ ఉండేది.

అట్టి పైగల్లీలో పెంటమ్మ అనే ఒక సాధ్వి కాపురం ఉండేది. పేరు విని ముక్కు మూసుకోవద్దు. పుట్టిన బిడ్డలు దక్కకపోతే, పుట్టిన బిడ్డను పుట్టినట్టే పెంటకుప్ప మీద దొర్లించి ఆ పేరు పెట్టుకుంటే, యముడంతటివాడు కూడా అసహ్యించుకొని వదిలిపెడతాడని మన తల్లుల నమ్మకం. ఆమె తల్లి అట్లా యముణ్ణి మోసగించి ఆమెను దక్కించుకుంది. పెద్దయ్యాక పెంటమ్మ మేడల కప్పుల మీద గచ్చు కొట్టే పనికి పోయేది. ఆడవాళ్ళంతా వరుసగా కూర్చొని, తడి సున్నం మీద చెక్కపలకలతో దరువు వేస్తూ, పాట పాడుతూ కొట్టే పని అది. ఆమె పక్కన కూర్చొని కొట్టేది కిందిగల్లీ కాశీబాయి. ఆమె తెలుగు పాటకు ఈమె మరాఠీలో వంత పాడేది. ఒకరి పాట అర్థం ఒకరికి తెలియదు గాని, పలకల దెబ్బ మాత్రం ఒక్కసారీ తప్పలేదని ప్రతీతి.

పెంటమ్మకు పెనిమిటి చిన్నతనంలోనే గతించాడు. నర్సి అనే ఒక్క ఆడపిల్ల మిగిలింది. కంటికి రెప్ప అనే మాట అందరూ వాడతారు గాని, ఆ తల్లి విషయంలో రెప్పయే బిడ్డ, కన్నూ బిడ్డే. పనికి పోతే చంకన, అన్నం తింటే ఒడిలో, పడుకుంటే గుండె మీద ఉండేది ఆ పిల్ల.

ఇక ఆ బస్తీ ఆచారం కూడా చెప్పుకోవాలి. ఆషాఢమాసంలో నగరమంతటా బోనాలు జరుగుతాయి గదా. కొత్తకుండలో అన్నం వండి, కుండకు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, వేపరెమ్మలు చుట్టి, పైన దీపం వెలిగించి, తలకెత్తుకొని అమ్మవారికి సమర్పిస్తారు. బోనం ఎత్తిన స్త్రీలో అమ్మవారే నడిచివస్తుందని విశ్వాసం. ఆ తల్లి వేడి చల్లారాలని దారి పొడుగునా ఆమె పాదాల మీద నీళ్ళు పోస్తారు. సున్నపుగడ్డలో ఈ కట్టుబాటు మరీ గట్టిది. తొలిబోనం ఎత్తిన స్త్రీ తడి లేని నేల మీద అడుగు పెట్టరాదు. ఏటిఒడ్డున ఉన్న పోచమ్మ గుడి చేరేదాకా నడిదారిలో కుండ దించరాదు. గుడి చేరేలోగా దీపం కొండెక్కరాదు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మొక్కిన మొక్కు చెల్లదని అనేవారు.

ఆ కాలంలో పైగల్లీకి జంగయ్య మేస్త్రి పెద్ద, కిందిగల్లీకి ధోండిబా పెద్ద. ఇద్దరూ మంచివారే. విడివిడిగా చూస్తే వెన్న, ఎదురుపడితే చెకుముకి రాళ్ళు. ఒక ఎండాకాలం బావి దగ్గర ఒకరి కుండకు ఒకరి కుండ తగిలి, మాటకు మాట పెరిగి, చివరికి బావినీ బాటనూ రెండుగా పంచుకున్నారు. మిట్ట మీది నుంచి వాలు దాకా పైగల్లీ హద్దు, వేపచెట్టు నుంచి ఏటిదాకా కిందిగల్లీ హద్దు. ఎవరి హద్దును వారు ఊడ్చుకోవాలి, అక్కడ బోనాలకు నీళ్ళు వారే పోయాలి. అంతా బాగానే ఉంది గాని, వాలుకూ వేపచెట్టుకూ నడుమ ఒక పరుపుబండ మిగిలిపోయింది. బావి మురుగంతా దాని మీదికే వచ్చి నిలిచేది. దాన్ని కడిగే పని మెడకు చుట్టుకుంటుందని, అది మీదేనని వీరూ, కాదు మీదేనని వారూ దాన్ని ఉదారంగా ఒకరికొకరు దానం చేసుకున్నారు. లోకంలో జాగా కోసం తలలు పగలగొట్టుకున్నవారిని చూశాం గాని, మాకొద్దంటే మాకొద్దని పంతం పట్టినవారు వీరే.

అట్లా ఉండగా ఒక ఏడు వానలు మొగం చాటేశాయి. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, ఆషాఢం వచ్చినా ఆకాశాన మబ్బు తునక లేదు. బావిలో చేద వేస్తే బురద వచ్చేది. చెంబెడు నీళ్ళు ఇంటిలో బంగారమై కూర్చున్నాయి. ఆపైన, గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, నగరంలో వాంతులూ విరేచనాల గత్తర తగిలింది. ఆ మహమ్మారి సున్నపుగడ్డకూ వచ్చి, వచ్చిరాగానే నర్సిని పట్టుకుంది. పిల్ల గుమ్మడిపువ్వులా వాడిపోయి, కండ్లు మూసింది మూసినట్టే పడి ఉంది. జబ్బుకు భయపడి ఇరుగుపొరుగు వారు గడప తొక్కడం మానేశారు. వారిని నిందించి లాభం లేదు, ఎవరి పిల్లలు వారికి ఉన్నారు. కాశీబాయి మాత్రం తడిక తోసుకొని వచ్చి, పిల్లను ఎత్తుకొని కిందిగల్లీలో తన ఇంటికి తీసుకుపోయి, కాచిన గంజినీళ్ళు చుక్కచుక్కగా నోట్లో పోస్తూ కూర్చుంది.

పెంటమ్మ పోచమ్మకు మొక్కుకుంది. "తల్లీ, తొలిబోనం నేనెత్తుత. నా బిడ్డ ఒక్కపారి కండ్లు తెరిసి నన్ను సూడాలె. అంతకన్న నాకేం వద్దు" అన్నది. ఆ కోరిక విని పైగల్లీ ఆడవాళ్ళందరూ కన్నీళ్ళు పెట్టుకొని తొలిబోనం ఆమెకే ఇచ్చారు.

అయితే ఆమె మనసులో ఒక ముల్లు ఉంది. బోనం ఎత్తిన ఆడవాళ్ళకు డప్పు మోగగానే పూనకం వచ్చేది; ఊగేవారు, గర్జించేవారు, తల్లి గొంతుతో మాట్లాడేవారు. పెంటమ్మకు చిన్ననాటి నుంచీ ఎన్ని డప్పులు విన్నా ఒళ్ళు జలదరించిన పాపాన పోలేదు. తల్లికి నేను పనికిరానేమోనని ఆమె లోలోపల కుమిలిపోయేది. ఆనాడు కూడా బోనం తలకెత్తుకొని కండ్లు మూసుకొని ఎదురుచూసింది. అమ్మ రాలేదు. బిడ్డ మొగమే కండ్లలో మెదిలింది.

డప్పులు మోగుతూ ఉండగా ఊరేగింపు కదిలింది. నీళ్ళ కరువైనా సరే, పైగల్లీ వారు తమ హద్దు పొడుగునా ఇంటికో చెంబు చొప్పున ఆమె పాదాల మీద పోసి సాగనంపారు. అవతల వేపచెట్టు కింద కిందిగల్లీ వారు కూడా భక్తితో చెంబులు పట్టుకొని నిలబడి ఉన్నారు. నడుమ ఆ పరుపుబండ ఎండకు ఎండి నిప్పులు చెరుగుతూ ఉంది. పెంటమ్మ వాలు దిగి, తడి ఎంతవరకు ఉందో అంతవరకు వచ్చి, బండ అంచున ఆగిపోయింది.

"ఇగ మీరు పొయ్యుండ్రి" అన్నాడు జంగయ్య.

"అది మా హద్దు నై. మీరే పొయ్యాలె" అన్నాడు ధోండిబా.

పోసినవాడు బండను ఒప్పుకున్నట్టే, ఒప్పుకున్నవాడు ఏడాది పొడుగునా మురుగు ఎత్తిపోసినట్టే. ఆ లెక్క తెలిసిన పెద్దలిద్దరూ మీసాలు సవరించుకొని ఆకాశం వైపు చూడసాగారు. ఎండ నెత్తికెక్కింది. బోనం మీది దీపంలో నూనె తగ్గిపోతూ ఉంది. పెంటమ్మ కదలలేదు, కుండ దించలేదు. అడుగు వేస్తే మొక్కు పోతుంది, నిలబడితే దీపం పోతుంది, రెంటిలో ఏది పోయినా బిడ్డ పోతుంది. ఆ తల్లి గుండె ఎట్లా కొట్టుకుందో పగవారికి కూడా తెలియరాదు.

ఇంతలో జనంలో ఎవరో "తల్లి అలిగిందిరో!" అని కేక పెట్టారు. అంతే, అందరికీ అదే నిజమని తోచింది. ఆమె నిలబడిపోవడం, కండ్లు ఎర్రబడటం, పెదవులు వణకడం చూసి పూనకమే అనుకున్నారు. వెంటనే మొక్కుల వాన కురిసింది. "తల్లీ, కోడిపుంజు గావాల్నా?" అని ఒకరు. "యాటపోతును కొడ్తం, శాంతపడు తల్లీ" అని జంగయ్య. అతడు ఒకటంటే తాను తగ్గుతాడా, ధోండిబా రెండు యాటలన్నాడు. కల్లుకుండలన్నారు, పట్టుచీర అన్నారు, వెండికండ్లు అన్నారు. చేతుల్లో నిండు చెంబులు పట్టుకొని నిలబడి, ఏం కావాలి తల్లీ అని అడిగిన ఆ మహానుభావులను ఏమనాలి! లోకంలో దేవుళ్ళకు మనం ఇచ్చేవన్నీ చూస్తే, వారు అడిగింది తప్ప అన్నీ ఇచ్చినట్టే ఉంటాయి.

పెంటమ్మకు ఒక దారి కనబడింది. ఒక్కసారి తల ఊపి, గొంతు మార్చి, నీళ్ళు పొయ్యండ్రా అని గర్జిస్తే చాలు, అందరూ కాళ్ళ మీద పడేవారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని బిడ్డ ప్రాణం కోసం తల్లి దగ్గరికి పోతూ, ఆ తల్లి పేరుతోనే బొంకడమా? ఆమెకు నోరు రాలేదు. నిజం చెబితే తొలిబోనం మైలపడిందంటారు, మళ్ళీ జన్మలో కుండ ముట్టనివ్వరు. అయినా సరే అనుకుంది. మేడ కప్పు మీద నుంచి కింది కూలీలను పిలిచే గచ్చుకొట్టే ఆడవాళ్ళ గొంతు ఎట్లా ఉంటుందో విన్నవారికి తెలుసు. ఆ గొంతెత్తి అరిచింది.

"అమ్మ రాలేదు! నాకు పూనకం లేదు! నేను పెంటమ్మను! నా బిడ్డ కోసం అడుగుతున్న, ఇన్ని నీళ్ళు పొయ్యుండ్రి!"

డప్పులు ఠక్కున ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో జంగయ్య మొగం కందగడ్డ అయింది. "అమ్మ రాకుంటె తొలిబోనం ఎట్లెత్తినవే?" అని ఆడవాళ్ళలో ఎవరో గొణిగారు. ఆమె తల మీది కుండను రెండు చేతులా పట్టుకొని నిలబడింది. అడగవలసింది అడిగింది, ఇంక చెప్పేదేముంది?

బాట పక్కన, ఊరేగింపు దాటిపోవాలని, భిస్తీల మదార్ సాబ్ నిండు తోలుతిత్తి భుజాన వేసుకొని నిలబడి ఉన్నాడు. దూరాన ఎక్కడో ఒక బావోలిలో, మెట్లబావిలో, ముంచి, దేవిడీలో గచ్చుపనికి మోసుకుపోతున్న నీళ్ళు అవి. ఆలస్యమైతే అక్కడ పని చేయించే దారోగా చేత చీవాట్లు తప్పవు. ఆయన జనాన్ని తప్పించుకొని ముందుకు వచ్చాడు. "బహెన్, పేరు చెప్పి నీళ్ళడిగిన మనిషికి లేదంటే ఖుదా మాఫ్ చెయ్యడు. కాని ఇవి తోలుతిత్తి నీళ్ళు. నీకు పర్వా లేదా?" అని వినయంగా అడిగాడు.

"డప్పు గూడ తోలుదే గదన్నా. దాన్ని విన్న తల్లి దీన్ని వద్దంటదా? పొయ్యి" అన్నది పెంటమ్మ.

మదార్ సాబ్ తిత్తి మూతి విప్పాడు. చల్లని నీళ్ళు ఆమె పాదాల మీద పడి బండ మీద పారాయి. అది చూసి ధోండిబా తల వంచుకొని చెంబుతో ముందుకు ఉరికాడు. అదే క్షణంలో అటు నుంచి జంగయ్యా ఉరికాడు. ఇద్దరూ బండ నడుమ ఢీకొని చెంబులతో సహా చతికిలబడ్డారు. ఏమైతేనేం, నీళ్ళు పడవలసిన చోటే పడ్డాయి. ఇక ఆపేవారెవరు? దాచుకున్న కుండలూ బిందెలూ అన్నీ బయటికి వచ్చాయి. ఆ కరువులో అన్ని నీళ్ళు ఎక్కడ దాగి ఉన్నాయో ఆ పోచమ్మకే తెలియాలి.

పెంటమ్మ తడి బండ మీద అడుగు వేసింది. రెండో అడుగు వేయబోతూ తలెత్తి చూసి కొయ్యబారిపోయింది. కిందిగల్లీ నుంచి కాశీబాయి పరుగెత్తుకొస్తూ ఉంది. బిడ్డను విడిచి కాశీబాయి బయటికి రాదు. వచ్చిందంటే, ఇంక కాచుకోవలసిన బిడ్డ లేనట్టే. పెంటమ్మ కండ్లకు చీకటి కమ్మింది. దగ్గరికి వచ్చిన తరువాత గాని ఆమెకు కనబడలేదు, కాశీబాయి ఒక చేతిలో చెంబు, ఒక చంకన నర్సి. పిల్ల తల కాశీబాయి భుజం మీద వాలి ఉంది. కండ్లు తెరిచి ఉన్నాయి. అవి తల్లినే చూస్తున్నాయి.

"అమ్మా, నువ్వే గద అరిసింది?" అన్నది నర్సి పీలగొంతుతో. "నీ గొంతు ఇనవడ్డది. నీళ్ళడిగినవ్. మౌసి దగ్గర నీళ్ళున్నయి, తెచ్చినం."

పెంటమ్మ ఏ కట్టుబాటూ తలచుకోలేదు. బోనం రెండు చేతులతో దించి, నడిదారిలో, ఆ బండ మీద పెట్టేసి, బిడ్డను గుండెకు హత్తుకొని బోరుమని ఏడ్చింది. కాశీబాయి ఆమెను పట్టుకొని ఏడ్చింది. మదార్ సాబ్ కండ్లు తుడుచుకున్నాడు. అమ్మ గొంతుతో గర్జించి ఉంటే ఆ పిల్లకు ఆ గొంతు ఎవరిదో తెలిసేది కాదని, తన గొంతుతో తన పేరు చెప్పుకుంది కనుకనే మృత్యువు గడప దగ్గర ఉన్న బిడ్డ చెవిని ఆ పిలుపు చేరిందని, అక్కడ ఉన్నవారందరికీ ఒక్కసారిగా తెలిసివచ్చింది.

కొంతసేపటికి ఆమె తేరుకొని చూసుకుంటే బోనం బండ మీద ఉంది. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. భయంతో మళ్ళీ ఎత్తబోయింది. జంగయ్య మేస్త్రి తడిబట్టలతోనే లేచి వచ్చి అడ్డుపడ్డాడు. "వద్దు చెల్లె. దించిన బోనం మళ్ళెత్తరు. మొక్కు ఈడ చెల్లింది. తల్లి ఈడనే ఉన్నది" అన్నాడు. ధోండిబా ఆ మాటకు తల ఊపాడు. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు. వాన పడిందా అని అడిగేవారున్నారు. పడింది, కాని ఆ రోజు కాదు, పడవలసినప్పుడు పడింది. అన్నిటినీ ఒకేరోజు కలిపి చెప్పడం కథకులకు అలవాటు గాని, ఈ స్థలానికి అంత అవసరం లేదు.

అట్లా ఎవరికీ అక్కరలేని ఆ బండ నాటి నుంచి అందరిదీ అయింది. అక్కడ వెలసిన తల్లికి నీళ్ళడిగిన పోచమ్మ అని పేరు వచ్చింది. అక్కడ విగ్రహం లేదు. బోనం కుండ ఆనిన చోట బండ మీద గుండ్రంగా ఒక గుర్తు ఉంది, పసుపు కుంకుమలు దానికే పెడతారు. అది కుండ గుర్తు కాదు, ఎప్పుడో రాయి కొట్టేవారు ఉలితో గీసిన గీత అని వాదించే తెలివిగలవారు ఉన్నారు. వారికి ప్రసాదం మాత్రం తక్కువ పెట్టరు. నర్సి పెరిగి పెద్దదై, మనుమల్ని ఎత్తి, పండు ముసలమ్మ అయ్యేదాకా ఆ బండ ఊడ్చి దీపం పెట్టింది.

ఇప్పుడు దేవిడీ లేదు, బావి పూడిపోయింది, గుడిసెల చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. అయినా ఆషాఢంలో బోనాలు ఆ బండ దగ్గరికి రాగానే డప్పులు ఆగిపోతాయి. నగరమంతటా పూనకాలు వస్తాయి గాని, అక్కడ ఎవరికీ పూనకం రాదు. బోనం ఎత్తిన స్త్రీ అక్కడ నిలబడి, తన గొంతుతో, తన పేరు చెప్పి, నీళ్ళు అడగాలి. మొదటి బిందె భిస్తీల ఇంటివారు పోస్తారు. వారికి ఇప్పుడు తోలుతిత్తులు లేవు, వాటర్ ట్యాంకర్ ఉంది. ఆ తరువాత ఏ గల్లీ, ఏ భాష, ఏ మతం అని లేకుండా ఎవరైనా పోస్తారు.

ఆ మధ్య ఒక ఏడు ఒడిశా నుంచి వచ్చిన మినతి అనే ఒక కూలీ ఇల్లాలు బోనం ఎత్తింది. కడుతున్న భవనం మీద నుంచి పడ్డ పెనిమిటి ఆసుపత్రిలో ఉన్నాడు. ఊరికి కొత్త, భాష రాదు, తెలిసినవారు లేరు. బండ దగ్గర నిలబడి తల వంచుకొని, తన పేరూ నీళ్ళన్న మాటా పెదవుల మీదనే చెప్పింది. ఎవరికీ వినబడలేదు. పక్కన ఉన్న ఒక ముసలమ్మ ఆమె గదవ పట్టుకొని తల పైకెత్తింది. "గట్టిగ చెప్పు బిడ్డా. నీ పేరు మాకు తెల్వాలె" అన్నది. మినతికి మాట అర్థం కాకపోయినా మనసు అర్థమైంది. ఊపిరి పీల్చుకొని, ఆ పరాయి నగరం నడిబాటలో, మొదటిసారిగా తన పేరు గట్టిగా చెప్పింది. రెండు గల్లీల తలుపులూ తెరుచుకున్నాయి.